నౌకరీ చేసిన కాలు

మా పెద్దబాపు పోయాడు. వినాయకులను నీళ్ళలో వేసి రెండు రోజులయింది. షాద్‌నగర్‌లో నేను పనిచేసే బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు వరుసగా తరగతులకు పోతున్నారు. అప్పుడు బాపు ఫోను చేశాడు.

"ఇంటికి చేరినం బిడ్డా. లోపటికి తెచ్చి పండవెట్టినం. మీ పెద్దమ్మ చెంచతోని గొంతుల నీళ్లు వోసింది. గంతే. ఇంట్లనే పోయిండు. ఇంట్లనే పోయిండు బిడ్డా."

ఆ మాట బాపు రెండుసార్లు అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు గాని అందులో ఒక నిమ్మళం వినిపించింది. మా దిక్కు బయట ప్రాణం పోయినవాళ్ళను గడప దాటించరు. దవాఖానలో పోయినా, దారిలో పోయినా, వాకిట్లో టెంటు వేసి అక్కడే పడుకోబెట్టి అక్కణ్ణుంచే తీసుకుపోతారు. ఎంత ఇల్లు కట్టుకున్న మనిషికైనా ఆఖరిపూట అందులో జాగా ఉండదు. తన అన్నకు ఆ గతి పట్టలేదని బాపు నిమ్మళం. నాక్కూడా ఆ పూట అదొక్కటే కాస్త ఓదార్పుగా అనిపించింది. ఇంట్లో పోవడమే తర్వాత మా పెద్దమ్మ మెడకు చుట్టుకుంటుందని అప్పుడు మాకెవరికీ తెలియదు. ఆ సంగతి చెప్పేముందు ఆయనెవరో మీకు చెప్పాలి.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. మా ఊరు నకిరేకల్ దగ్గర. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. చిన్నాపెద్దా అందరికీ ఆయన 'మిల్ట్రాయన'. ఆయన కాలు గురించి మాత్రం మనిషికో కథ చెప్పేవారు. తుపాకీ గుండు తగిలిందని ఒకరు, శత్రువులు పట్టుకుపోయి నరికారని ఒకరు. నా చిన్నప్పుడు మా తరగతిలో ఒక పిల్ల మొసలి తిన్నదని కూడా చెప్పింది. ఆయన మాత్రం అడిగినవాళ్ళకు ఒకే తీరుగా చెప్పేవాడు. "మంచు ఉండె. అడుగేసిన. మల్ల తియ్యలె." సరిహద్దులో గస్తీ తిరుగుతూ మందుపాతర మీద అడుగు వేశాడు. కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది.

అప్పటికి పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. చంకకర్రల మీద ఇంటికి వచ్చిన మనిషిని చూసి, పెద్దమ్మ పుట్టింటివాళ్ళు బండి కట్టుకుని వచ్చారట, పిల్లను తీసుకుపోతామని. ఆమె పోలేదు. ఎందుకు పోలేదని నేను పెద్దయ్యాక ఒకసారి అడిగాను. పెద్ద మాటలేవో చెబుతుందనుకున్నాను. "పిండికి బియ్యం నానవోసి ఉన్న. ఇడిసిపెట్టి యాడికి పోదునే?" అంది.

వాళ్ళకు పిల్లలు లేరు. నేనే ఆ ఇంట్లో సగం పెరిగాను. అయినా ఆ మొండికాలు నేనెన్నడూ చూడలేదు. నేనే కాదు, తోడబుట్టిన మా బాపు కూడా చూడలేదు. పొద్దున తలుపు వేసుకుని పెట్టుడు కాలు తొడుక్కున్నాకనే బయటికి వచ్చేవాడు. పడుకుంటే ఎండాకాలమైనా సరే నడుము దాకా దుప్పటి ఉండేది. ఒక్క పెద్దమ్మే ఆ కాలు కడిగేది, తుడిచేది, పౌడరు రాసేది. ఆమె కూడా దాని గురించి బయట ఒక్క ముక్క మాట్లాడేది కాదు. ఎవరైనా ఆడవాళ్ళు కదిలిస్తే మాట మార్చి, పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి పోయేది.

సైన్యంలో దెబ్బ తగిలి ఇల్లు చేరినవాళ్ళకు పింఛను రెండు పాళ్ళుగా వస్తుంది. ఒకటి చేసిన సర్వీసుకు, రెండోది పోయిన కాలికో చేతికో. పెద్దబాపు రెండోదాని గురించి చెప్పే తీరు వింటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. "నేను రిటైరైన. నా కాలు ఇంక డ్యూటీల ఉన్నది. గా మంచులనే నిలవడి నెల నెల జీతం పంపుతాంది. నాకన్న మంచి సిపాయి అది, ఒక్కనాడు లీవు పెట్టలే" అనేవాడు.

ఏడాదికి రెండుసార్లు ఆ రెండు పాళ్ళ మీదా కరవు భత్యం పెరుగుతుంది. ఊళ్ళో అందరూ దాన్ని డీఏ అంటారు. ధరలు పెరిగాయని తెలుసుకోవడానికి సర్కారువాళ్ళు లెక్కలు తీయాలి, మంత్రులు కూర్చోవాలి, ఒకనాడు సాయంత్రం టీవీలో చెప్పాలి. మా పెద్దమ్మ సంచి పట్టుకుని కిరాణా దుకాణానికి పోయివస్తే తెలిసిపోయే ముచ్చట అది. అయినా ఆ వార్త వచ్చిన రోజు పెద్దబాపు టీవీ ముందు నిటారుగా కూర్చునేవాడు.

ఈ డీఏ విషయంలో ఆయనకొక పద్ధతి ఉండేది. దానివల్లనే ఊళ్ళో ఆయనకు ఎంతమంది దోస్తులో అంతమంది పగవాళ్ళు. టీవీలో వార్త రాగానే, బ్యాంకులో పైసలు పడేదాకా కూడా ఆగకుండా, తెల్లారి పాలు పోసే ఆమెను, వాకిలి ఊడ్చి బట్టలు ఉతికే ఆమెను, ఇంటికి వచ్చి గడ్డం గీసే మంగలిని పిలిచి, తనకు నూటికి ఎంత పెరిగితే వాళ్ళకు తానిచ్చేది నూటికి అంత పెంచేవాడు. ఎవరూ అడగకముందే పెంచేవాడు. మొదటిసారి ఇట్లా పిలిచి పాల రేటు సంగతి ఎత్తితే పాలామె భయపడిపోయింది. "నీళ్లు కలుపలే మిల్ట్రాయనా, మా పిల్లల మీద ఒట్టు" అని మొదలుపెట్టింది. రేటు పెంచుతున్నానని చెప్పేసరికి ఆమెకు ఇంకా అనుమానం ముదిరింది. బయటికి వచ్చి పెద్దమ్మను చాటుగా అడిగింది, ఆయనకు పాణం బాగున్నదా అని.

"పెంచింది ధరకు, నాకు గాదు. ధర నా ఒక్కని ఇంటికే వచ్చిందా?" అనేవాడు. ఇది ఆయన నోట్లో ఊతపదం. పెద్దమ్మకు మాత్రం ఒళ్ళు మండేది. "టీవీల మనకు పెరిగిందని చెప్పిండ్రంటె, మనింట్ల ఖర్సు పెరిగిందన్నట్టే లెక్క" అని గిన్నెలు గట్టిగా పెట్టేది. గిన్నెల చప్పుడుకు ఆయన నవ్వుకుంటూ పెట్టుడు కాలు పట్టీలు సర్దుకునేవాడు.

ఊళ్ళో రైతులకు ఇది మింగుడుపడలేదు. ఒకనాడు హోటలు దగ్గర చాయ్ తాగుతుంటే, మాకు పక్క చెలక రైతు ఆయన్ని పట్టుకుని కడిగేశాడు. నేను బస్సు కోసం అక్కడే నిలబడి ఉన్నాను.

"నువ్వు పెంచుకుంట పోతె మా కూలోళ్లు మమ్ముల అడుగుతాండ్రు. మిల్ట్రాయన ఇయ్యంగ మీకేం రోగమంటుండ్రు. నీకు సర్కారిస్తది. పత్తికి ధర పడిపోతె మాకెవడిస్తడు డీఏ?"

పెద్దబాపు గ్లాసు కింద పెట్టాడు. "నువ్వన్నది నిజం. నా తాన జవాబు లేదు" అన్నాడు. ఆ రైతు వాదనకు సిద్ధపడి వచ్చాడు, ఈ మాటతో ఏం చేయాలో తెలియక ఇంకో చాయ్ చెప్పాడు. మరుసటి ఆరు నెలలకు పెద్దబాపు మళ్ళీ పెంచాడు, ఆ రైతు మళ్ళీ తిట్టాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఏండ్లకేండ్లు అట్లాగే గడిపారు.

కరోనా వచ్చిన కాలంలో సర్కారు డీఏ పెంచకుండా ఆపేసింది. ధరలు మాత్రం ఆగలేదు. మంచినూనె ప్యాకెట్టు చూస్తేనే భయమయ్యేది. పాలామె దాణా ధర చెప్పుకుని ఏడుస్తుంటే పెద్దబాపు తన చుట్టలు మానేసి ఆమెకు పెంచాడు. పాపం, ఆయనకున్న ఒకే ఒక్క సుఖం అది. "సర్కారుకు తెల్వలేదని నీ బర్రెకు ఆకలి గాకుంట ఉంటదా?" అన్నాడు. ఆ కాలంలోనే ఇంకోటి జరిగింది, అది మేమెవరం పట్టించుకోలేదు. పెట్టుడు కాలును కొన్నేండ్లకొకసారి పూణేలో సైన్యంవాళ్ళు కాళ్ళు చేసే కేంద్రానికి పోయి మార్పించుకోవాలి. ఆ ఏడు ఆయన పోవాల్సింది. రైళ్ళు లేవు. రైళ్ళు మొదలయ్యాక కూడా పోలేదు. వయసుతో మొండికాలు సన్నబడింది, పాత తొడుగు వదులైంది. లోపల పాత చీరపేలికలు కుక్కి బిగించుకుని నడిచాడు. నడకలో చిన్న తేడా వస్తే, "ముసలోణ్ణి కానా?" అనేవాడు.

ప్రతి నవంబరులో తాను బతికే ఉన్నానని బ్యాంకుకు పోయి రుజువు చేసుకోవాలి. లేకపోతే పింఛను ఆగిపోతుంది. మా వీధిలో ఆటో నడిపే భాయ్ ఆయన్ని తీసుకుపోయేవాడు. ఆయన పెద్దబాపును 'ఫౌజీ సాబ్' అని పిలిచేవాడు. ఆ రోజు పెద్దబాపు ముందురోజే ఇస్త్రీ చేయించిన తెల్ల అంగీ వేసి, నున్నగా గడ్డం గీయించుకుని, మీసాలకు నూనె పెట్టేవాడు.

"పెండ్లికి పోతున్నమా ఫౌజీ సాబ్? జర జల్దీ రాండ్రి, లైను పెరుగుతది" అని భాయ్ ఆటో హారన్ కొట్టేవాడు.

"బతికున్నమని చెప్పనీకి పోతున్నం. సచ్చినోని లెక్క పోతె ఎవడు నమ్ముతడు?" అని ఈయన అద్దంలో ఇంకోసారి చూసుకునేవాడు. చంకకర్ర పట్టి పట్టి అరచేతులు, వేళ్ళు అరిగిపోయి మిషను మీద వేలిముద్ర ఒక పట్టాన పడేది కాదు. తుడిచి పెట్టు, గట్టిగా పెట్టు, ఇంకో వేలు పెట్టు. ఆఖరికి పచ్చలైటు వెలిగితే భాయ్ చప్పట్లు కొట్టేవాడు. పోయిన నవంబరులో కూడా వెలిగింది.

ఈ ఎండాకాలంలో పుండు మొదలైంది. మాకు చెప్పలేదు. పెద్దమ్మకు తెలుసు. ఆమె రోజూ వేపాకు కాచిన నీళ్ళతో కడిగి గుడ్డ కట్టింది. సెలవులకు పోయినప్పుడు నేను గమనించిందల్లా, ఆయన మంచం దగ్గర ఊదుబత్తీలు ఎక్కువగా వెలుగుతున్నాయని. భక్తి పెరిగిందా పెద్దబాపూ అని ఆటపట్టించాను. అవునన్నాడు. వర్షాలు పడ్డాక ఒకరోజు ఆయన పెట్టుడు కాలు తొడుక్కోకుండా మంచం మీదనే ఉన్నాడు, నడుము దాకా దుప్పటి కప్పుకుని. అప్పుడు అడిగితే చెప్పాడు, చిన్న పుండు అని. హైదరాబాదులో మాజీ సైనికులకు దవాఖాన ఉంది, పోదాం పదమన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"పోతె కోస్తరు బిడ్డా. మోకాలి మీదికి కోస్తరు. నాకు రెండు తీర్ల పెరుగుతది పింఛను. ధర పెరిగితె పెరుగుతది, కాలు తరిగితె పెరుగుతది. గీ రెండో పెరుగుడు నాకొద్దు."

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు కోపం వచ్చింది. నేను అరిచాను, పెద్దమ్మ ఏడ్చింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. సైన్యంలో మనిషికి భయం ఉండదని మనం అనుకుంటాం. ఆయనకు ఆ రంపమంటే భయం. ఒకసారి దాని కింద పడుకున్న మనిషికి భయం లేకుండా ఎట్లా ఉంటుంది? నాకిప్పుడు ఆయన మీద కోపం లేదు.

చవితి పందిళ్ళలో పాటలు మోగుతున్న రోజుల్లో ఆయనకు చలిజ్వరం వచ్చి మాట తడబడింది. భాయ్ ఆటోలోనే నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారు. నేనూ చేరుకున్నాను. నిమజ్జనం మరునాడు, విషం రక్తంలో పాకిందని డాక్టరు చెప్పాడు. షుగరు ఉంది, కిడ్నీలు కూడా పనిచేయడం లేదు, హైదరాబాదు తీసుకుపోండి, అయినా ఏ మాటా ఇవ్వలేనన్నాడు. పెద్దమనిషి, ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. ఆయన లోపలికి పోయాక పెద్దమ్మ బాపు దిక్కు చూసింది.

"ఇంటికి తోల్కపోదాం మరిదీ. వయసంత బయటనే తిరిగిండు ఆయన. వాకిట్ల పండవెట్ట నేను. నా ఇంట్ల పోవాలె."

నేను కాదనలేదు. ఎవరూ కాదనలేదు. మా ఇష్టం మీదనే తీసుకుపోతున్నామని బాపు సంతకం పెట్టాడు. నన్ను బడికి పొమ్మన్నారు, పరీక్షలున్నాయి, ఒకటి రెండు రోజులు గడుస్తాయన్నారు. తెల్లారి ఆక్సిజన్ పెట్టిన అంబులెన్సు ఊరికి కదిలింది. దారంతా పెద్దమ్మ ఆయన చెవిలో ఊళ్ళ పేర్లు చెబుతూ వచ్చిందట, ఇప్పుడు ఫలానా దాటినం, ఇగో చెరువు కట్ట వచ్చింది, ఇగో మన మూల తిరిగినం అని. గడప దాటాక పోయాడు. బాపు నాకు ఫోను చేసింది అప్పుడే.

మూడోనాడు పంచాయతీ కార్యదర్శి వచ్చాడు. కొత్తగా వచ్చిన కుర్రవాడు, మర్యాదగా చెప్పులు బయట విడిచి అరుగు మీద కూర్చున్నాడు. మరణం నమోదు చేయాలి, ఎట్లా పోయాడని అడిగాడు. మా దిక్కు పరామర్శకు వచ్చినవాళ్ళ ముందు, పోయినవాడు తిప్పలు పడి పోయాడని అనరు. అంటే పోయినవాడిని చిన్నబుచ్చినట్టు, ఇంట్లోవాళ్ళు సరిగ్గా చూడనట్టు. అప్పటికి మూడు రోజులుగా వచ్చిన ప్రతివాళ్ళతో అందరం ఒకటే మాట అంటున్నాం. బాపు కార్యదర్శికీ అదే చెప్పాడు.

"మంచిగ పోయిండు సారు. ఒగలతోని చేపిచ్చుకోలే. తన ఇంట్ల, తన మంచంల, పెండ్లం చేతి నీళ్లు తాగి పోయిండు. గసుంటి సావు ఎవలకొస్తది?"

అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా తలలూపారు. కార్యదర్శి కూడా తల ఊపి, సహజ మరణం అని రాసుకున్నాడు.

భర్త పోయాక భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. దాని కోసం జిల్లా కేంద్రంలో మాజీ సైనికుల పనులు చూసే కార్యాలయానికి పెద్దమ్మను తీసుకుపోయాను. అక్కడ బల్ల దగ్గర కూర్చునేది కూడా ఒక మాజీ సుబేదారే. పెద్దబాపును ఎరిగినవాడు. కాగితాలన్నీ రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి నా దిక్కు చూశాడు.

"టీచరమ్మా, ఆ కాలు దెబ్బతోనే పోయిండని తేలితె అమ్మకు వచ్చే పింఛను వేరే, ఎక్కువ. మామూలుగ పోయిండంటె తక్కువ. ఈ కాగితంల సహజ మరణం అని ఉన్నది. దవాఖాన కాగితంల షుగరని, కిడ్నీలని ఉన్నది. ప్రాణం పోయింది ఇంట్ల. దెబ్బ తగిలిన కొన్నేండ్లలోపట గిట్ల ఇంట్ల పోతె, అనుమానం ఉన్నా కుటుంబానికే ఇస్తరు. ఇప్పుడు గన్ని ఏండ్లు దాటిపాయె. గింత కాలమైనంక అనుమానం ఉంటె సర్కారు దిక్కే తేలుస్తరు, ఎక్కువ పింఛను ఇయ్యరు."

ఆ మాట నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆ మందుపాతర ఆయన్ని అప్పటికప్పుడు చంపి ఉంటే ఎవరికీ అనుమానం ఉండేది కాదు. నలభై ఏండ్లకు పైగా తీరిగ్గా చంపింది కాబట్టి అనుమానం. ఇంట్లో పోనిచ్చాం కాబట్టి అనుమానం. మంచిగా పోయాడని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాం కాబట్టి అనుమానం. బయట బెంచీ మీద కూర్చున్న బాపుకు ఈ సంగతి చెబితే తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సుబేదారు ఒక దారి చెప్పాడు. పుండు ఎట్లా మొదలైంది, ఎట్లా పాకింది, దగ్గరుండి చూసినవాళ్ళు చెబితే రాసి పైకి పంపుతానని, డాక్టరు చెప్పిన విషం మాటతో కలిపి చూస్తారని.  పెద్దమ్మ లేచి నిలబడింది.

"పైసల కోసం ఆయన కాలు ముచ్చట నలుగుట్ల చెప్పాల్నా? తోడవుట్టినోనికె సూపియ్యలె ఆయన. నాకొద్దు. వచ్చిందే వస్తది" అని మెట్లు దిగిపోయింది.

నేను బతిమాలలేదు. ఆమె మాటలో తప్పేముంది?

దసరా దగ్గరికి వచ్చింది. ఒకనాడు సాయంత్రం టీవీలో డీఏ పెరిగిందని చెప్పారు. ఆ పూట నేను ఊళ్ళోనే ఉన్నాను. తెల్లారి పాలు పోయడానికి వచ్చిన ఆమె ఏమీ అడగలేదు. గిన్నెలో పాలు పోసి, పెద్దబాపు ఖాళీ మంచం దిక్కు చూసి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. పెద్దమ్మ పాలగిన్నె పట్టుకుని వాకిట్లోనే నిలబడింది.

"నాకు గూడ పెరుగుతదా బిడ్డా?"

"పెరుగుతది పెద్దమ్మా. కానీ కాలికిచ్చే పింఛను ఇగ రాదు. మిగిలిన తక్కువ మీద పెరుగుతది."

 "నాకు తక్కువ మీద పెరుగుతది. ధర మాత్రం నిండుగనే పెరుగుతది గద" అంది. తర్వాత గిన్నె లోపల పెట్టి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆమె నాతో ఇంకో మాట చెప్పింది, అది పైసల గురించి కాదు. "సహజం అని ఎట్ల రాసిండ్రే? గా పుండు కడిగిన చేతులు నాయి. ఆయన పండ్లు కొరుక్కుంట దిండుల మొకం పెట్టుకున్నడు, ఇంటిపక్కోళ్లకు ఇనవడొద్దని. మీ బాపు మంచిగ పోయిండంటె నేను గమ్మునున్న. ఆయన ఇజ్జత్ అని గమ్మునున్న. గిప్పుడు సర్కారు గూడ మంచిగ పోయిండంటె, ఇగ ఆయన పడ్డ తిప్పల ఎవల లెక్కల ఉన్నట్టు?"

భాయ్ మరునాడు పొద్దున్నే ఆటో తెచ్చాడు. పైసలు తీసుకోలేదు.

సుబేదారు గదిలో ఆ రోజు మనుషులు నిండుగా ఉన్నారు. ఇంకెవరో ఇద్దరు సిపాయిల భార్యలు, ఒక వయసు పిల్లవాడు, గోడకు ఆనుకుని ఒక చెయ్యి లేని మాజీ సైనికుడు. పని కాకపోవచ్చని సుబేదారు ముందే చెప్పాడు. పైన ఏమంటారో తన చేతిలో లేదని, ఎన్ని నెలలు పడుతుందో కూడా చెప్పలేనని అన్నాడు. ఈ మాటలు రాస్తున్న నాటికి కూడా ఏ జవాబూ రాలేదు. వస్తుందని నేను మీకు ధైర్యం చెప్పలేను.

"చూసినోళ్లు ఇంకెవరన్న ఉన్నరా అమ్మా?" అని అడిగాడు.

"ఎవ్వలు లేరయ్యా. నేనే."

నేను లేచి తలుపు దగ్గరికి వేయబోయాను. "ఉండనియ్యి" అంది. కుర్చీలో కాస్త ముందుకు జరిగి తన కుడికాలు చాపింది. చీర మీదనే మోకాలి కింద వేలు పెట్టింది.

"గీడ అయ్యా. పట్టీ ఒరుసుకునే కాడ. మొదాలు బొబ్బెరగింజంత ఉండె. మిర్గం కార్తె నాటికి రూపాయి బిళ్లంతైంది. పీర్ల పండుగకు గీడికొచ్చింది." వేలు మోకాలి మీదికి వచ్చింది. "శ్రావణంల మోకాలు దాటింది. అప్పటి సంది నిద్ర లేదు ఆయనకు." ఇప్పుడు వేలు కాదు, అరచెయ్యి మొత్తం తొడ మీద ఆనించింది. "దవాఖానకు తోల్కపోయిన నాడు గీడిదాక నల్లగైంది. గుడ్డ ఇప్పితె తోలు గుడ్డతోనే వచ్చింది. ఆయన నన్నే సూస్తుండె. నేను మొకం తిప్పలే అయ్యా. ఒక్కనాడు తిప్పలే."

  సుబేదారు రాసిందంతా నెమ్మదిగా చదివి వినిపించాడు. అంతే గద అమ్మా అన్నాడు. అంతే అంది. సిరా డబ్బా మూత తీసి వేలిముద్ర కోసం ముందుకు జరిపాడు.

పెద్దమ్మ ఎడమచెయ్యి చాపింది. కుడిచెయ్యి మాత్రం తొడ మీద, తాను చూపించిన చోటనే ఉంది. ఒత్తితే నొస్తుందేమో అన్నట్టు, బరువు వేయకుండా, ఊరికే ఆనించి ఉంచింది.